ధనం బోడు నుంచి గుండాల దాకా

పాట ఎక్కడ తీశారని అడిగితే మన నిర్మాతలు ఛాతీ విరుచుకుని మరీ చెబుతారు. ఊటీ రోజులు పోయాయి. కాశ్మీరు రోజులు పోయాయి. స్విట్జర్లాండు కూడా పాతబడింది. 2011లో ‘దూకుడు’ యూనిట్ టర్కీ వెళ్ళొచ్చాక ఇస్తాంబుల్ మన ప్రేక్షకులకి మేనత్తగారి వూరంత దగ్గరైపోయింది. 2017లో వచ్చిన ‘గౌతమీపుత్ర శాతకర్ణి’ కోసం మొరాకో వెళ్ళారు, జార్జియా వెళ్ళారు. శాతకర్ణి మనవాడు, కృష్ణాతీరం మనది, యుద్ధం చేసిన నేల మాత్రం పరాయిది. నిర్మాతల్ని తప్పుపట్టడం లేదు లెండి. కెమెరా పెట్టుకోవడానికి ఆనాటి ప్రాకారం ఒక్కటైనా మన దగ్గర నిటారుగా నిలబడి లేదాయె. ఎందుకు లేదో కాస్త చెప్పుకుందాం, ఈ వారం.

టర్కీ వెళ్ళినవాళ్ళు తప్పక చూసొచ్చే చోటు ఇంకొకటుంది. పాముక్కలే. పేరు విని పాములనుకునేరు! వాళ్ళ భాషలో పాముక్ అంటే పత్తి, కలే అంటే కోట. పత్తి కోట. కొండ కడుపులోంచి వేణ్ణీళ్ళు వుబికి వస్తాయి. ఆ నీళ్ళల్లో సున్నం కరిగి వుంటుంది. గాలి తగలగానే నీళ్ళల్లోని బొగ్గుపులుసు వాయువు ఎగిరిపోతుంది, సున్నం ముందు మీగడలా పేరుకుని తరవాత రాయిగా గట్టిపడుతుంది. వేల ఏళ్ళ తరబడి అలా పేరుకోబట్టి కొండవాలంతా తెల్లటి పళ్ళేలు మెట్లుమెట్లుగా అమర్చినట్టుంటుంది. పళ్ళెం పళ్ళెంలోనూ లేతనీలం నీళ్ళు. కొండపైన హైరాపొలిస్ అనే పాతవూరి శిథిలాలు. క్రీస్తుకు పూర్వం రెండో శతాబ్దంలో పెర్గమం రాజులు కట్టించిన వూరది. పన్నెండు వేలమంది పట్టే నాటకశాల, వెయ్యికి పైగా సమాధులు. సముద్రం వొడ్డు పట్నాల్లో తెల్లారకుండానే బస్సెక్కించి, దారిలో భోజనం పెట్టించి, గైడు చేత అన్నీ చెప్పించి, రాత్రికి తెచ్చి దించేస్తారు. ఒక్కరోజు టూరు.

మా మేనమామది వీరులపాడు. పత్తి, కాస్త మిర్చి. ఫోన్లో ఆ కొండ ఫోటో చూపిస్తే, “తీత అయ్యాక ఆరబోసిన పత్తిలా వుందిరా అల్లుడూ” అన్నాడు. కాసేపాగి, “వేణ్ణీళ్ళయితే గుండాలలో లేవూ? పాతరాళ్ళయితే పేటలో లేవూ? దీనికి విమానం దేనికి?” అని కూడా అన్నాడు.

పేట అంటే మా మెట్టప్రాంతం వాళ్ళకి జగ్గయ్యపేటే. (జగ్గయ్య అనగానే కంచుకంఠం జగ్గయ్యగారు గుర్తొస్తే ఆ తప్పు మీది కాదు, సినిమా పత్రికది. ఆయనది తెనాలి దగ్గర మోరంపూడి. పేటకి పేరిచ్చిన జగ్గయ్య వేరు.) ఇంకో సినిమా ముచ్చట కూడా ఇక్కడే చెప్పాలి. కృష్ణా జిల్లా మెట్టకి 2022 ఏప్రిల్ నుంచి కొత్త పేరు, ఎన్టీఆర్ జిల్లా. రాముడు, కృష్ణుడు, బృహన్నల, అన్నీ అయినాయన చివరికి జిల్లా కూడా అయ్యాడు.

ఇంతకీ మామయ్య మాట వుత్తినే పోలేదు. నందిగామలో ఒక వ్యాను ఓనరు చలికాలం ఆదివారాల్లో సీట్ల లెక్కన ఒక్కరోజు టూరు వేస్తాడట. పొద్దున్నే ధనం బోడు, ఆపైన నేలకొండపల్లి, భద్రాద్రి రాముడి దర్శనం, గుండాల వేణ్ణీళ్ళు, రాత్రి ఎంతకయితే అంతకి ఇల్లు. టీ, టిఫిన్ వాళ్ళవే. గైడు కూడా వున్నాడని చెప్పారు. గైడంటే టోపీ, మైకు, జెండా వూహించుకున్నాను. తీరా చూస్తే రిటైరైన సోషల్ మాస్టారు. మోకాళ్ళ నొప్పులు, చేతిలో గుడ్డసంచి, సంచిలో జిరాక్సు కాగితాలు, మఫ్లరు. వ్యాను కదలకముందే మొదలెట్టారు.

“వీరులపాడు నుంచి వచ్చినోళ్ళు ఎవరు? మీరేనా? మీ మండలంలోనే అల్లూరుంది గదా. అక్కడ బ్రాహ్మీ లిపిలో శాసనం దొరికింది, తెలుసునా? పూర్వశైలీయులని బౌద్ధ భిక్షువులు. వాళ్ళకి ఇచ్చిన దానాలు రాశారు అందులో.”

మామయ్య అరవై ఏళ్ళుగా అల్లూరు మీదుగా తిరుగుతున్నాడు. “అల్లూరా?” అన్నాడు, ఎవరో తన పెళ్ళి సంగతి తనకే కొత్తగా చెప్పినట్టు.

ధనం బోడు పేట పక్కనే. ఎక్కింది గుట్ట, చూసింది మూపురంలాంటి దిబ్బ, దాని చుట్టూ గుండ్రంగా పరిచిన పలకరాళ్ళు. సుమారు ముప్పై అడుగుల వెడల్పు స్తూపం తాలూకు పునాది అది. గడ్డి, తుమ్మచెట్లు, గాలి. మా వ్యానులోవాళ్ళు అయిదు నిమిషాల్లో సెల్ఫీలు అయ్యాయనిపించి చెప్పుల్లోంచి ముళ్ళు తీసుకుంటూ నిలబడ్డారు. “ఇక్కడేముందండీ?” అంది ఒకావిడ.

“ఏముందని అడక్కమ్మా. ఇక్కణ్ణుంచి ఏం వెళ్ళిపోయిందో అడుగు” అన్నారు మాస్టారు.

సంచిలోంచి ఒక జిరాక్సు తీశారు. నల్లబడి, అంచులు నలిగిన కాగితం. ఆ బొమ్మ చెక్కిన పలక ఈ దిబ్బమీదే దొరికింది. నడిమధ్య ఒక రాజు. తలమీద గొడుగు. చుట్టూ చక్రవర్తికి వుండవలసిన ఏడు రత్నాలు: ఏనుగు, గుర్రం, చక్రం, మణి, రాణి, మంత్రి, గృహపతి. రాజు కుడిచెయ్యి పైకెత్తాడు. పైన మబ్బు. మబ్బులోంచి నలుచదరపు నాణేలు జలజల రాలుతున్నాయి. క్రీస్తుకు పూర్వం ఒకటో శతాబ్దం నాటి పని. స్పెషల్ ఎఫెక్టులంటే ఇవాళ కంప్యూటరు ముందు వందలమంది కూర్చుంటున్నారు. ఆ శిల్పి ఒక్క పలకమీద, గీతల్లో, డబ్బు వాన కురిపించాడు.

ఆ రాజు మాంధాత అని పండితుల మాట. మాస్టారు కథ చెప్పిన తీరు వినాలి. జాతక కథల్లో వుందిట. మాంధాత ఒక చేత్తో ఇంకో చెయ్యి తట్టి చూశాడంటే ఆకాశంలోంచి మోకాలి లోతున రత్నాలు పడేవి. భూమి చాల్లేదు. స్వర్గానికి వెళ్ళాడు. ఇంద్రుడు పెద్దమనసుతో సగం రాజ్యం పంచి ఇచ్చాడు. అలా ముప్పై ఆరుగురు ఇంద్రులు మారారు, ఈయన మాత్రం అక్కడే. చివరికి సగమేమిటి, ఇంద్రుణ్ణి చంపి మొత్తం ఏలుదామని బుద్ధి పుట్టింది. ఆ బుద్ధి పుట్టిన క్షణాన ముసలితనం వచ్చి మీదపడింది, స్వర్గంలోంచి జారి కింద తోటలో పడ్డాడు. తృప్తిలేకుండానే పోయాడు.

“ఇంటర్వెల్ బ్యాంగ్ స్వర్గంలో పెట్టొచ్చు” అన్నాడు మా వ్యానులో ఒక కుర్రాడు. మాస్టారు నవ్వలేదు. “ఈ గుట్టకి ధనం బోడని పేరెందుకొచ్చిందనుకున్నావు బాబూ? ఇందులో ధనం వుందని జనం నమ్మారు. నమ్మి తవ్వారు. రాళ్ళల్లో వున్న ధనాన్ని రాళ్ళని పారేశారు. డబ్బులు కురిసే బొమ్మని తవ్వి అవతల పెట్టి, దానికింద డబ్బులకోసం వెతికారు.”

ఇక రాళ్ళ సంగతి. బేతవోలు అనే పాతవూరి పక్కన రాజా వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు తండ్రి జగ్గయ్య పేర పేట కట్టించాడు. పద్దెనిమిదో శతాబ్దం చివరి మాట. అమరావతి పట్నం కట్టించిందీ ఆయనే. అక్కడ దీపాలదిన్నె తవ్వితే పాలరాయిలాంటి పలకలు బయటపడ్డాయి, కొత్తవూరి గోడలకీ మెట్లకీ పనికొచ్చాయి. కర్నల్ మెకంజీ ఆ కబురు విని 1790ల చివర్లో వచ్చి చూడబట్టి అదే మహాస్తూపమని లోకానికి తెలిసింది. పేటలోనూ కథ అదే. జేమ్స్ బర్జెస్ 1882లో ధనం బోడు తవ్వేనాటికి చాలా రాళ్ళు అప్పటికే దిగిపోయాయి. మిగిలిన మంచి పలకలు మద్రాసు మ్యూజియానికి వెళ్ళాయి. 1887లో ఆయన పుస్తకం అచ్చయింది, అమరావతి, జగ్గయ్యపేట స్తూపాల మీద. మాస్టారి జిరాక్సులన్నీ దానిలోవే.

ఇక్కడ నాకొక లెక్క తట్టింది. మాంధాత పలక వున్నది ఎగ్మూరులో. మన చిత్రసీమ మూడు నాలుగు దశాబ్దాలపాటు కాపురం చేసింది కోడంబాకంలో, టీ నగర్లో. మధ్యదూరం కారులో అరగంట లేదు. కిరీటం ఎలా వుండాలి, రథం ఎలా వుండాలి, చక్రవర్తి గొడుగు ఎలా వుండాలి అని కళాదర్శకులు తలలు పట్టుకున్న రోజుల్లో, మన మెట్టసీమ చక్రవర్తి పక్కపేటలోనే చెయ్యెత్తి నిలబడి వున్నాడు. ఆయన్ని చూసొచ్చి సెట్టు వేసినవాళ్ళు లేరనను. ఆయనది జగ్గయ్యపేట అని పత్రికలో రాసినవాళ్ళని మాత్రం నేను చూడలేదు.

అన్నట్టు, నన్ను బాగా పట్టుకున్నది రాజు కాదు, ఇంకొకాయన. స్తూపం తూర్పువాకిట అయిదు ఆయక స్తంభాలు నిలబెట్టించినాయన. పేరు సిద్ధార్థుడు. బుద్ధుడు కాదు, ఆ పేరే పెట్టుకున్న పనివాడు. తండ్రి నాగచంద్రుడూ పనివాడే. కమ్మకరాష్ట్రం వాళ్ళు. ఇక్ష్వాకురాజు వీరపురుషదత్తుడి ఇరవయ్యో ఏట, అంటే క్రీస్తుశకం మూడో శతాబ్దంలో, వేలగిరి గ్రామంలో వున్న ఈ మహాచైత్యానికి స్తంభాలు ఇచ్చాడు. వేలగిరి అప్పటి వూరి పేరు. ఇచ్చి వూరుకోలేదు. తల్లి పేరు, భార్య పేరు, తోడబుట్టినవాడి పేరు, పిల్లల పేర్లు వరసగా చెక్కించాడు. సినిమా టైటిల్స్ అయిపోయాక కూడా కూర్చుని లైట్ బాయ్ పేరు దాకా చదివే ప్రేక్షకుడికి ఈ సిద్ధార్థుడు నచ్చితీరతాడు. రాజులు తమ పేర్లు చెక్కించుకోవడంలో వింతలేదు. ఉలి పట్టినవాడు ఇంటిల్లిపాదినీ రాయికి ఎక్కించాడు చూడండి, అది నిర్మాతకన్నా ముందు టెక్నీషియన్ కార్డు వేసినట్టు.

పత్తి కోట మీద కూడా ఇలాంటివాడొకడున్నాడు. హైరాపొలిస్‌లో అమ్మియానోస్ అనే ఆయన సమాధిపెట్టె. అదీ మూడో శతాబ్దానిదే! మూతమీద ఒక యంత్రం బొమ్మ చెక్కించుకున్నాడు. నీళ్ళచక్రం తిరుగుతుంటే దాని బలంతో రెండు రంపాలు రాయిని కోస్తుంటాయి. తిరుగుడుని ముందువెనకల కదలికగా మార్చే ఆ కీలు, అదే ఇవాళ మోటారు సైకిలు ఇంజనులోనూ వున్న కీలు, లోకంలో తొలిసారిగా కనిపించేది ఆ బొమ్మలోనే అంటారు పరిశోధకులు. సిద్ధార్థుడు, అమ్మియానోస్ ఒక్క శతాబ్దం వాళ్ళు. ఒకరి పేరు మరొకరు విని వుండరు. ఇద్దరికీ రాయే అన్నం పెట్టింది. తేడా ఒకటే. అమ్మియానోస్ పెట్టె దగ్గర బస్సులు ఆగుతాయి, గైడు వేలు పెట్టి చూపిస్తాడు. సిద్ధార్థుడి కోసం ఒక మాస్టారు మోకాళ్ళ నొప్పులతో గుట్ట ఎక్కాలి.

గైడుల్ని గురించి మరీ గొప్పగా రాస్తున్నాననుకోకండి. హైరాపొలిస్‌లోనే ‘పాతాళ ద్వారం’ అని వుంది. యమలోకానికి వాకిలన్నమాట. అందులోకి ఎద్దుల్ని తోలితే చచ్చిపడేవి, పూజారులు మాత్రం నవ్వుతూ బయటికి వచ్చేవారు. స్ట్రాబో అనే యాత్రికుడు రెండువేల ఏళ్ళనాడు వెళ్ళి పిచ్చుకల్ని లోపలికి వదిలి, అవి చచ్చి పడడం చూసి రాశాడు. దేవుడి మహిమే అనుకున్నారు జనం. అసలు సంగతేమిటంటే నేల నెర్రెల్లోంచి బొగ్గుపులుసు వాయువు వస్తుంది. అది గాలికన్నా బరువు, నేలమట్టాన నిలిచిపోతుంది. ఎద్దు ముట్టె దానిలో మునుగుతుంది, నిలబడ్డ మనిషి ముక్కు మునగదు. 2018లో శాస్త్రజ్ఞులు కొలిచి మరీ చెప్పారు. ఆ పూజారులకి ఈ కిటుకు తెలిసే వుంటుంది. మన స్టంట్ మాస్టర్లకి పెద్దన్నలు! చెప్పేవాడు వుండటం ఎంత ముఖ్యమో, నిజం చెప్పేవాడు వుండటం అంత ముఖ్యమని ఈ మాట.

పేట దాటి కోదాడ మీదుగా నేలకొండపల్లి. ఇక్కడ తెలంగాణ. భక్త రామదాసు పుట్టిన వూరు గనక వ్యానంతా హుషారయింది. 1964లో నాగయ్యగారి ‘రామదాసు’, 2006లో నాగార్జున ‘శ్రీరామదాసు’, ఎవరు బాగా ఏడిపించారన్నదాని మీద వెనకసీట్లో పెద్ద చర్చ. విరాటరాజు దిబ్బ, కీచక గుండం అని చూపిస్తారిక్కడ. కీచకుడంటే మా మామయ్యకి ఇవాళ్టికీ ‘నర్తనశాల’ ఎస్వీ రంగారావే. దిబ్బమీద నిలబడి అటూ ఇటూ చూసి, “ఇంత చిన్న కొలువులో ఆయన పట్టేవాడు కాదురా” అన్నాడు. ఇక్కడా పెద్ద బౌద్ధస్తూపం వుంది, పేటకన్నా పెద్దది. మాస్టారు చెబుతూనే వున్నారు గాని టైము మించిపోతోందని డ్రైవరు హారను. నాకూ రాయడానికి చోటు మించిపోతోంది.

ఖమ్మంలో భోజనం, కొత్తగూడెం అడవి, భద్రాచలం వంతెన. దర్శనం గురించి నేను చెప్పేదేముంది.

గుండాల భద్రాచలానికి కూతవేటు. నాలుగైదు కిలోమీటర్లు. మాస్టారు వ్యాను ఆపించి, “ఇప్పుడు మళ్ళీ ఆంధ్రాలోకి వచ్చాం” అని ప్రకటించారు. నిజమే. 2014లో రాష్ట్రం రెండయినప్పుడు పోలవరం ముంపు పేర కొన్ని మండలాలు ఆంధ్రప్రదేశ్‌కి వచ్చాయి. భద్రాచలం పట్నం తెలంగాణలో వుండిపోయింది, పక్కనే వున్న ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచుకలపాడు ఇటొచ్చాయి. ఈ అయిదూ తిరిగి ఇమ్మని తెలంగాణ అడుగుతూనే వుంది. రాముడు ఒక రాష్ట్రంలో, ఆయన స్నానానికి వేణ్ణీళ్ళు ఇంకో రాష్ట్రంలో.

నది వొడ్డున ఇసుక. ఎక్కడా ఆవిరి లేదు, పొగ లేదు, తెల్లమెట్లు లేవు. పాముక్కలే ఫోటో చూసి వచ్చినవాళ్ళకి మొహాలు వేలాడిపోయాయి. ఒక ముసలావిడ మమ్మల్ని పట్టించుకోకుండా మోకాళ్ళమీద కూర్చుని చేతులతో ఇసుక తోడుతోంది. మూరెడు లోతు వెళ్ళేసరికి నీళ్ళు వూరాయి. స్టీలు చెంబుతో ముంచి మనవడి కాళ్ళమీద పోసింది. వాడు “అబ్బా!” అని గెంతాడు. మామయ్య పంచె ఎగ్గట్టి పక్కనే ఇంకో గుంట తీశాడు. చెయ్యి పెట్టి తీశాడు, మళ్ళీ పెట్టాడు. రెండడుగుల అవతల గోదావరి చల్లగా పోతోంది, ఇక్కడ గుంటలో స్నానానికి కాచినట్టు వేడి! చలికాలంలో త్రిమూర్తులు ఇక్కడికి స్నానానికి వస్తారని స్థలపురాణం. పాపం, దేవుళ్ళకి మాత్రం చలి వెయ్యదూ?

మాస్టారు స్థలపురాణం చెప్పి, దానిమీద కోప్పడకుండా, రెండో కథ కూడా చెప్పారు. వానలో కొంతనీరు రాతి పగుళ్ళవెంట బాగా లోతుకి దిగుతుంది. ఎంత లోతుకి పోతే అంత వేడి. ఎక్కడో పెద్దపగులు దొరికితే అదే వేడితో పైకి తన్నుకొస్తుంది. గోదావరి లోయ కిందంతా అలాంటి పగుళ్ళే. అందుకే ఈ లోయలో బొగ్గూ వుంది, వేణ్ణీళ్ళూ వున్నాయి. అవతల మణుగూరు వైపు బొగ్గుకోసం బోర్లు వేస్తే వేణ్ణీళ్ళు ఎగజిమ్మాయి. పగిడేరు దగ్గర ఆ వేడితో కరెంటు తియ్యడానికి సింగరేణివాళ్ళు ఇరవై కిలోవాట్ల చిన్న ప్రయోగం కూడా పెట్టారు.

“మరి మనకి తెల్లమెట్లు ఎందుకు కట్టలేదు మాస్టారూ?” అని అడిగింది డిగ్రీ చదివే అమ్మాయి. పొద్దుట్నుంచీ ఈ అమ్మాయి ఒక్కతే నోట్సు రాసుకుంటోంది.

“అక్కడ కొండవాలమ్మా, నీళ్ళు సన్నగా జారతాయి, సున్నం కూచోడానికి వ్యవధి వుంటుంది. ఇది గోదావరి. 2022 జూలైలో భద్రాచలం దగ్గర డెబ్భై ఒక్క అడుగులు దాటింది. ఈ తల్లి ఏటేటా వచ్చి పలక తుడిచేసిపోతుంది. మళ్ళీ చలికాలం వచ్చేసరికి మనం వచ్చి గుంట తీసుకోవాలి.”

సున్నం మాటకొస్తే మనకి లోటేమీ లేదు. పేట చుట్టుపక్కల నేలంతా సున్నపురాయే, అందుకే అన్ని సిమెంటు ఫ్యాక్టరీలు. ఆనాటి స్తూపాల పలకలూ సున్నపురాయివే. అదే రాయి మాంధాత అయింది, అదే రాయి సిమెంటు బస్తా అయింది. దేనికి వాడుకోవాలన్నది వాడుకునేవాళ్ళ ఇష్టం.

పాముక్కలే వాళ్ళు మనకన్నా తెలివైనవాళ్ళేమీ కాదు. ఇరవయ్యో శతాబ్దంలో ఆ తెల్లకొండ నెత్తిమీదే హోటళ్ళు కట్టారు. వేణ్ణీళ్ళు హోటళ్ళ కొలనుల్లోకి మళ్ళించారు. కొండమీదుగా రోడ్డు వేశారు. మెట్లు ఎండి, మాసి, మసిబారాయి. 1988లో ప్రపంచ వారసత్వ స్థలమయ్యాక కళ్ళు తెరిచి హోటళ్ళు కూలగొట్టారు, రోడ్డు మూసేశారు. ఇవాళ చెప్పులు విప్పనిదే మెట్లమీదికి పోనివ్వరు. నీళ్ళు కూడా వంతులవారీగా వదులుతారు, ఇవాళ ఈ వరసకి, రేపు ఆ వరసకి. సాగర్ కాలవ చివరిభూముల రైతుకి వంతులవారీ అంటే ఏమిటో విడమరిచి చెప్పక్కర్లేదు. మామయ్యకి చెబితే, “అయితే వాళ్ళకీ లస్కరుంటాడన్నమాట” అన్నాడు.

సాగర్ అంటే గుర్తొచ్చింది. సిద్ధార్థుడు ఏ రాజు పేరు చెప్పి స్తంభాలు నిలబెట్టాడో ఆ వీరపురుషదత్తుడి రాజధాని విజయపురి ఇవాళ నాగార్జునసాగర్ నీళ్ళకింద వుంది. 1954 నుంచి 1960 దాకా తవ్వి, చేతనైనవి కొండమీదికి చేర్చి, మిగతాది నీళ్ళకి వదిలేశారు. ఆ డ్యాము రావాలని పట్టుబట్టి తిరిగినవారిలో మన పేటపక్క ముక్త్యాల రాజా వారే ముందు. డ్యాము రాకపోతే మెట్టకి ఈ పత్తి, ఈ మిర్చి లేవు. అన్నం పెట్టిన నీళ్ళని ఎలా తప్పుపడతాం? నేను పట్టను. కాని నీళ్ళకోసం మునిగినదానికి ఒక లెక్కవుంది, మ్యూజియం వుంది. ధనం బోడు ఏ నీళ్ళకోసమూ మునగలేదు. చెప్పేవాడు లేక చదునైంది.

తిరుగుప్రయాణంలో ఆ అమ్మాయి మాస్టారి పక్కసీటులోకి వెళ్ళి కూర్చుంది. “ఇవన్నీ ఒక పుస్తకంగా రాయండి మాస్టారూ” అంది.

“రాయడానికేం, బర్జెస్ 1887లోనే రాశాడమ్మా. రాసింది అలమరాలో వుంటుంది. గుట్టెక్కి చెప్పేవాళ్ళు కావాలి. నేను ఇంకో రెండు చలికాలాలు ఎక్కుతానేమో.”

మాస్టారికి టూరుకి ఏమిస్తారని నేను డ్రైవరు తమ్ముణ్ణి పక్కకి పిలిచి అడిగాను. భోజనం పెడతారట, సీటు ఫ్రీ అట. అంతే. ఈ లెక్క నాకు గొంతు దిగలేదు. వ్యానుకి డీజిలు ఖర్చుంది, టోలుగేటు ఖర్చుంది, టిఫిన్‌కి ఖర్చుంది, నోటికి మాత్రం లేదు. పాముక్కలే బస్సులో గైడు పరీక్ష పాసై, లైసెన్సు పుచ్చుకుని, జీతం తీసుకుని మాట్లాడతాడు. మన దగ్గర సినిమావాళ్ళు లొకేషన్ మేనేజరుకి ఇచ్చే ఒక్కరోజు బత్తాతో ఇలాంటి మాస్టారికి ఒక సీజను గడుస్తుంది. టికెట్టుకి మనిషికి కొంత చొప్పున మాస్టారి పేర కలపమని వ్యాను ఓనరుతో నేనూ మామయ్యా గట్టిగానే అన్నాం. “జనం ఇస్తారంటారా?” అన్నాడు. ఆ రోజు వ్యానులోవాళ్ళని అక్కడికక్కడే అడిగించాం. ఇద్దరు తప్ప అందరూ ఇచ్చారు. ఆ ఇద్దరూ చెట్టుకింద కూర్చుని గుట్ట ఎక్కనివాళ్ళు, కాబట్టి న్యాయమే.

ఇంకొక్క కోరిక వుంది. ఎగ్మూరు పలకని వెనక్కి తెప్పించమని కొందరు అంటారు. అది పెద్ద వ్యవహారం, రెండు రాష్ట్రాలు, కాగితాలు. నేనడిగేది చిన్నది. మన సినిమా ఆర్టు డిపార్టుమెంటులో ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో వారంలో ఇంద్రసభ నిలబెట్టే మేస్త్రీలున్నారు. వాళ్ళలో ఒక్కరు మాంధాత పలకకి నకలు పోసి పేటలో ఏ స్కూలు వరండాలోనో పెడితే చాలు. జిరాక్సు బాధ తప్పుతుంది.

వెళ్ళదలచినవాళ్ళకి: చలికాలమే మంచిది, వానాకాలంలో గుండాల ఇసుక కనపడదు. గుట్టకి చెప్పులు కాదు బూట్లు వేసుకోండి, పల్లేరుకాయలు జాస్తి. పేటలో దిగగానే గుట్టమీదికి పరిగెత్తకుండా, స్తంభాల సిద్ధార్థుడి శాసనం చదివి చెప్పమని మాస్టారిని అడగండి. అడిగితేనే చెబుతారు, ఆయనకి రాజులకన్నా అదే ఇష్టం. గుండాలకి తువ్వాలు, చెంబు ఎవరివి వాళ్ళే తెచ్చుకోవాలి.